నడిపి చూశారా అండీ?

బెంజ్ సర్కిల్ ఆఫీసులో మా సీనియర్ ఒకాయన మేం రాసే సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లను ప్రింటు తీసి ఆకుపచ్చ పెన్నుతో దిద్దేవారు. ప్రతి వాక్యం దగ్గరా ఒకటే ప్రశ్న: "నడిపి చూశారా అండీ?" నాకు పని నేర్పింది ఆ ప్రశ్నే.

కంప్యూటర్ లోపల కంప్యూటర్లలా నడిచే వర్చువల్ మిషన్లకు, రహస్య కీల కోసం ఎవరూ ఊహించలేని రాండమ్ నంబర్లు అందించే పరికరం గురించి రాసేటప్పుడూ నడిపి చూశాను. మిషన్‌ను కాపీ చేస్తే రెండింటికీ ఒకే నంబరు వస్తోంది. హెచ్చరిక రాశాను. "కస్టమర్లు బెదిరిపోతారండీ" అంటూ ఆయనే కొట్టేశారు.

ఆర్నెల్లకు సరిగ్గా అదే ఫిర్యాదు వచ్చింది. మీటింగులో అందరి ముందూ ఆయన నావైపు తిరిగి, ఎప్పటి మర్యాదతోనే అడిగారు:

"నడిపి చూశారా అండీ?"

ఇప్పుడు కొత్తవాళ్ల రాతలు నేనే దిద్దుతున్నాను. ఆ ప్రశ్న అడగక తప్పదు. అడిగిన ప్రతిసారీ ఆయన గొంతే వినిపించి ఒళ్లు మండుతుంది.