బాయిలరుకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో బాయిలర్ ఆపరేటర్ అంటే కలెక్టరు తర్వాత అంతటి మనిషి. డోన్ శివారు వేరుశనగ నూనె మిల్లులో నేను కూత వేస్తే కర్నూలులో గడియారాలు సరిచేసుకునేవారు. (సరే, ఆ కూత మిల్లు గేటు దాటేది కాదు. ఆపరేటర్నీ నేను కాదు, అందరూ చాచా అని పిలిచే పెద్దాయన. నేను ఆయన చేతి కింద పొయ్యిలోకి వేరుశనగ పొట్టు ఎగదోసేవాణ్ణి.)

వానలు మొహం చాటేసిన ఏడాది అది. సరుకు రాక మిల్లు ఎక్కువ రోజులు మూతే. ఆయుధపూజ ఘనంగా చేస్తే కాలం కలిసొస్తుందని సావుకారు ఆశ. హారతి వేళకు కూత మోగాలని పొద్దున్నే పొయ్యి వెలిగించమన్నాడు. తానే బాయిలరుకు పసుపు పూశాడు. లోపల నీళ్లు ఎంతున్నాయో చూపించే గాజు గొట్టాన్ని కూడా వదలకుండా మెత్తి, దాని మీద ఇంత కుంకుమ పెట్టాడు. బాయిలరుకు అదే ముఖమట. పూజ సాగుతోంది, ఆవిరి పెరుగుతోంది, గాజు మాత్రం లక్ష్మీకళతో పచ్చగా మెరిసిపోతోంది.

నీళ్లు తగ్గి ఉంటే బాయిలర్ పగులుతుందని, గది నిండా కాయలు ఏరే ఆడవాళ్లు ఉన్నారని చాచా నా చెవిలో అన్నాడు. (తర్వాత నా భార్య అయిన ఆమె కూడా వాళ్లలోనే ఉంది.) గాజు తుడుస్తామని అడిగితే సావుకారు ముఖం మాడిపోయింది.

"పండగ పూట బొట్టు తుడుస్తారా ఎవరైనా? హారతి కానీప్పా."

చాచా చెయ్యి గాజు దాకా పోయి ఆగింది. బొట్టు తుడిచింది సాయిబు అన్న మాట ఊళ్లో పడుతుందని ఆయన వెనకాడాడు. నాకేమో ఉత్త భయం. అప్పుడు గడప అవతల, శుభకార్యమని లోపలికి రాకుండా నిలబడ్డ సావుకారు తల్లి, తెల్లచీర ముసలమ్మ, నన్ను చూసి అంది:

"తుడువు నాయనా. నాది తుడిచేటప్పుడు ఎవురూ ఇంత ఆలోచన చేయల్యా."

సావుకారు తల దించుకున్నాడు. నేను ఒక్క ఉదుటున పోయి తుడిచేశాను. గాజులో చుక్క నీరు లేదు. కాలిన ఇనుము మీద ఇప్పుడు చన్నీళ్లు పెడితే పగులుతాది, నిప్పు లాగమని చాచా కేక. అందరినీ బయటికి తరిమి నిప్పంతా లాగేశాం. బాయిలర్ పగల్లేదు. లోపలి గొట్టాలు మాత్రం వంగిపోయాయి. బాగు చేయించే స్తోమత సావుకారుకు లేదు. మిల్లు మళ్లీ తెరవలేదు. చాచా కడపలో కూతురి ఇంటికి పోయాడు, నేను కర్నూలులో ఒక ఆస్పత్రి బాయిలరు దగ్గర చేరాను. ఏరే ఆడవాళ్లలో చాలామంది ఏమయ్యారో తెలియదు.

మొన్న అల్లుడికి ఈ సంగతి చెబుతుంటే "ఒక్క ఉదుటున" దగ్గర నా గొంతు దానంతటదే లేచింది. అప్పటి నాలోని పడుచువాణ్ణి తలుచుకుంటే నాకే ముచ్చటేసింది. చింతపండులో గింజలు తీస్తున్న మా ఆవిడ తలెత్తకుండానే అంది:

"నువ్వు యాడ తుడిస్తివి? పొట్టు కుప్ప ఎనక ఉంటివి. ఆయమ్మ నీకు చెప్పి చూసి, తానే గడప దాటొచ్చి కొంగుతో తుడిచె."