విప్‌కు చేరని ఉత్తరం

ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలే. నా భార్యకు గూడ. మోసుడు అలవాటైందనుకున్న. కాలే.

రెండువేలు దాటిన కొత్తల్ల ఢిల్లీల మా అడవి దిక్కు ఎంపీ సారు దగ్గర పీఏగ ఉండేటోణ్ని. నాది పాల్వంచ. సారుది భద్రాచలం అవతల కోయగూడెం. ఒక పార్లమెంటు సమావేశాలల్ల అడవి భూములను గనులకిచ్చే బిల్లొకటి వచ్చింది. దానికి అనుకూలంగ ఓటెయ్యాలని పార్టీ విప్ జారీ చేసింది. విప్ అంటే హుకుం. కాదంటే సభ్యత్వమే పోవచ్చు. కాకపోతే ముందుగాల అడిగి, పార్టీ ఒప్పుకుంటే, ఓటుకు దూరంగ ఉండొచ్చు.

సారు గదే అడుగుదామన్నడు. ఉత్తరం నాతోనే రాయించి సంతకం పెట్టిండు. ఆ హుకుం ఇచ్చే పార్టీ చీఫ్ విప్ గారి చేతికే ఇయ్యమన్నడు.

ఆ ఆఫీసు గుమ్మం దాక పోయిన. లోపలికి పోలే. ఎందుకు? ఉత్తరం చూస్తే పార్టీకి కోపమొస్తది, సారుకు మళ్ల టికెట్ రాదు, నా కొలువూ నా పిల్లల ఢిల్లీ చదువూ పోతయని భయపడ్డ. భయమని ఒప్పుకోక, సారు మంచికేనని నాకు నేనే చెప్పుకున్న. గంటసేపు క్యాంటీన్ల కూసొని వచ్చి, పార్టీ ఒప్పుకోలేదని సారుకు చెప్పిన. తెల్లారి సారు పోయి బిల్లుకు ఓటేసిండు.

తర్వాత సారు గూడేనికి పోయినం. అందరు జమైండ్రు. సారు మేనత్త ముందుకొచ్చింది. నాకూ తెలవాలనేమో, కోయల గాక తెలుగులనే అడిగింది.

"ఓటెయ్యనని పార్టీ వాళ్లను అడిగినవా అల్లుడా?"

"అడిగిన అత్తా. ఒప్పుకోలే."

"నిజంగ?"

సారు నా దిక్కు చెయ్యి చూపిండు. "గీయన్నే అడుగు. ఉత్తరం తీస్కపోయింది గీయనే."

"అవ్," అన్న నేను.

ఆమె నా మొఖం చూసింది. నమ్మలే. మళ్ల సారుతోని మాట్లాడలే.

తర్వాతి ఎన్నికలల్ల పార్టీ టికెట్ ఇచ్చింది. సొంత గూడెమే సారుకు ఓటెయ్యలే. ఓడిపోయి ఎవుసం చేసుకుంట ఉన్నడు, కొన్నేండ్లకు జ్వరమొచ్చి పోయిండు. నాకు ఇంకో ఎంపీ దగ్గర కొలువు దొరికింది. పిల్లలు మంచిగ చదివిండ్రు.

ఉత్తరమిస్తే పార్టీ ఒప్పుకునేదా? తెల్వదు. ఒప్పుకోకపోయినా, ఆయన అత్తతోని అన్న మాట నిజమయ్యేది. ఆ నిజాన్ని ఆయనకు లేకుంట చేసింది నేను. సారు బతికున్నప్పుడు చెప్పడానికి రెండుసార్లు బస్సెక్కిన, రెండుసార్లు మధ్యలనే దిగిన.

గూడెపోళ్లు ఎవరన్న ఇది చదివితే ఒక్కటి తెలుసుకోండ్రి. ఆయన మీకు అబద్ధం చెప్పలే. చెప్పింది నేను.