గుంత పక్కన పలక

ఆమె టీచరు కాదు. బడి ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా హాజరు పట్టీలు రాస్తున్న గుమాస్తా. కానీ కళ్ళద్దాలూ, చేతిసంచీ, తాళం వేశాక రెండుసార్లు లాగి చూసుకునే పద్ధతీ చూసి, కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆ లోగిలివాళ్ళు ఆమెను టీచరమ్మ అన్నారు. ఆమె కాదనలేదు. మొదటి రోజు అనని మాట రెండో రోజు అనడం కష్టం. ఇన్నేళ్ళ తర్వాత ఇంకేం అంటుంది?

లోగిలి మూడు అంతస్తులు. మధ్యలో ఆకాశం, చుట్టూ పదహారు గుమ్మాలు. చెత్తబండి వారానికి ఒక్కసారే రావడం మొదలయ్యాక, వంటింటి చెత్తను ఎరువు చేద్దామన్నది ఆమే. గుమ్మం గుమ్మానికీ తిరిగి ఒప్పించింది. పెరటి గోడ వారగా ఇటుకలతో గుంత కట్టించింది. పదహారు బకెట్ల మీద పదహారు అంకెలు తనే రంగుతో రాసింది. పొద్దున ఏడింటికి అందరూ వరుసలో రావాలి. ఆమె ప్రతి బకెట్లోకీ తొంగిచూడాలి. ప్లాస్టిక్ కవరు కనబడిందా, గోడకు తగిలించిన పలక మీద ఆ ఇంటి అంకె పడేది. సాయంత్రం దాకా చెరిపేది కాదు.

"మా ఆవిడకన్నా మీ పలకంటేనే భయమండీ," అనేవాడు తొమ్మిదో ఇంటి దర్జీ. అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, బకెట్లోంచి కళ్ళు తీయకుండా.

ఆరు నెలలకు గుంత అడుగునుంచి నల్లటి ఎరువు వచ్చింది. చేత్తో తీస్తే తడిసిన మట్టి వాసన. పక్క వీధివాళ్ళు చూడటానికి వచ్చారు. వాళ్ళకు ఆమె అరగంట చెప్పింది. తడి చెత్త శుభ్రంగా ఉంటే చాలునంది. ఆ మాట ఎక్కడో చదివింది. ఆ పేజీ తర్వాత ఇంకో పేజీ ఉందేమోనని తిప్పి చూడలేదు.

ఎప్పుడూ బకెట్లలోకే చూసే ఆమెకు ఒక పొద్దున గుంత పైన బూడిద కనబడింది.

బూడిద వచ్చేది ఒక్క చోటినుంచే. మెట్ల కింది గదిలో ఉండే ఇస్త్రీ ఆమె బొగ్గుల పెట్టెలోంచి. ఆ గదికి అంకె లేదు, బకెట్టూ లేదు. గుమ్మాలు లెక్కపెట్టినప్పుడు టీచరమ్మకు ఆ గది గుర్తే రాలేదు.

"నీ బూడిద పొయ్యడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?" అంది, వరుస మొత్తం వింటుండగా.

ఇస్త్రీ ఆమె చేతుల్లో మడతపెట్టిన చొక్కాలున్నాయి. "అది కాదమ్మా, నేనూ..."

"అదీ లేదు, ఇదీ లేదు. ఇంకోసారి చూశానంటే ఊరుకోను."

అంకె లేదు కాబట్టి పలక మీద 'మెట్ల కింద' అని రాసింది. మూడు రోజులు చెరపలేదు.

ఇస్త్రీ ఆమె మళ్ళీ గుంత వైపు రాలేదు.

రెండు వారాలకు గుంత కుళ్ళింది. పైన నీరు చేరి, నీటిలో తెల్లటి పురుగులు లుకలుకలాడాయి. ఈగలు రెండో అంతస్తుదాకా ఎక్కాయి. అక్కడి బాలింత కిటికీలు మూసేసుకుని లోపలే ఉడికిపోయింది. "టీచరమ్మా, ఈసారి ఎవరి అంకె?" అన్నాడు దర్జీ, ముక్కు పట్టుకుని. ఆదివారం గుంత పూడ్చేద్దామని అందరూ ఒక మాటకు వచ్చారు. ఆమె బకెట్లన్నీ మళ్ళీ మళ్ళీ కెలికింది. ఒక్క తప్పూ దొరకలేదు.

బుధవారం ఆమె గుంత దగ్గర నిలబడి ఉంటే, కింది ఇంటి పెద్దాయన కుర్చీలోంచి పిలిచాడు. ఒకప్పుడు బస్సు నడిపినవాడు. డ్యూటీ మానేసి ఏళ్ళయినా నాలుగింటికే లేచి కూర్చుంటాడు.

"ఆకులు ఆపేశారేమమ్మా?"

"ఏ ఆకులు బాబాయిగారూ?"

"అదేనమ్మా, ఇస్త్రీ పిల్ల తెల్లారకముందే, తన బండి పెట్టుకునే చెట్టు కింద రాలిన ఎండుటాకులు గోనెలో తెచ్చి, తడి పీల్చుకునేలా గుంత మీద కప్పేది కదా. ఈగలు రాకుండా పైన పిడికెడు బూడిద. మొదటినుంచీ తనే. నువ్వు పలకెక్కించావు, తను మానేసింది."

"ముందే చెప్పొచ్చు కదా!"

"నీకు తెలీకుండానా అనుకున్నాం. టీచరమ్మవి కదా."

ఆమె ఇంట్లోకి వెళ్ళి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. పక్క వీధివాళ్ళకు గొప్పగా చూపించిన ఎరువు ఎవరిదో తెలిసింది. ఆ మనిషికి తను ఇచ్చిందేమిటో కూడా గుర్తుంది.

మరునాడు గోనె పట్టుకుని బయల్దేరింది. ఆకులు తనే తెచ్చి పోస్తే సరి, గుంత బాగుపడుతుంది, నోరు విప్పక్కర్లేదు. కానీ ఆకులు రాలేది ఆ చెట్టు కింద. చెట్టు కింద బండి. బండి వెనక ఆమె. టీచరమ్మ ఖాళీ గోనెతో వెనక్కి వచ్చేసింది.

శుక్రవారం పలక మీద తన ఇంటి అంకె, ఏడు, పెద్దగా రాసింది. గుండె కాస్త తేలికపడింది. ఇస్త్రీ ఆమె బట్టల మూటతో అటుగా వెళ్ళింది. పలక వైపు చూడనైనా లేదు. చూసినా ఆమెకు చదవడం రాదు. అప్పటి 'మెట్ల కింద' కూడా ఎవరో పైకి చదివి నవ్వితేనే తెలిసిందట. ఎవరికి చెప్పాలో ఆ ఒక్కరికీ అందని చోట తప్పు ఒప్పుకున్నానని టీచరమ్మకు అర్థమైంది.

శనివారం మెట్ల కింది గది ముందు నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం ముందు ఆగడం అదే మొదటిసారి. లోపలికి చూడాలంటే వంగాలి.

"తప్పయిపోయింది," అంది. "ఆకుల సంగతి నాకు తెలీదు."

ఇస్త్రీ ఆమె పెట్టెలో నిప్పులు ఊదుకుంటోంది. తల ఎత్తలేదు. "ఇక్కడ చెప్తే ఎలాగమ్మా? నన్నన్నది అక్కడ కదా."

ఆదివారం ఏడింటికి వరుస నిలబడింది. పూడ్చడానికి పార కూడా తెచ్చారు. టీచరమ్మ పలక పక్కన నిలబడి మాట్లాడింది. గుంత కుళ్ళింది తనవల్లేనంది. ఎరువు చేసింది ఎవరో చెప్పింది. ఆపితే ఇంకెప్పటికీ అనలేనని తోచి, ఇంకో మాట కూడా అనేసింది.

"నేను టీచర్ని కాదు. బడి ఆఫీసులో గుమాస్తాని."

ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"తెలుసండీ," అన్నాడు దర్జీ, ఈసారి నవ్వకుండా. "మావాడు చదివింది ఆ బళ్ళోనే కదా."

అంటే అందరికీ తెలుసు. తెలిసే పిలుస్తున్నారు. ఆమెకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పార తెచ్చినవాడు దాన్ని గోడకు ఆనించి, ఇంకో రెండు వారాలు చూద్దామన్నాడు.

వరుస చివరనుంచి ఇస్త్రీ ఆమె గోనె మోసుకొచ్చింది. సరేననలేదు, ఫర్వాలేదనలేదు. "అంచు పట్టుకోండి," అంది. "కాస్త కిందికి."

ఆమె రెండు చేతులతో పట్టుకుంది. ఆకులు గలగల జారాయి. దుమ్ము లేచి అద్దాలు మసకబారాయి. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.