దొంగ కాని దేవసహాయంగారు

మొన్న గురువారం పొద్దున గుణదలలో దేవసహాయంగారు కన్నుమూశారని ఫోనొచ్చినప్పుడు నాకు ముందు దుఃఖం రాలేదు, కోపమొచ్చింది. గుండెపోటని డాక్టర్లు రాశారు. నేను ఒప్పుకోను.

గవర్నర్‌పేటలోని మా గ్రంథాలయానికి ఆయన ముప్ఫై ఏళ్ళు లైబ్రేరియన్. పదో తరగతి తప్పి బట్టలకొట్లో చేరిన నన్ను పిలిచి కూర్చోబెట్టి, "అర్థం కాకపోతే మళ్ళీ చదువు, పుస్తకం పారిపోదు" అన్నారు. నాకొచ్చిన నాలుగు ముక్కలూ అక్కడ అబ్బినవే. అది చెప్పుకోవడం నాకు గర్వం.

కిందటేడు పుస్తకాల జాబితా కంప్యూటరుకెక్కింది. తనిఖీనాడు గ్రంథాలయ కార్యదర్శి పాఠకులందరి ముందు, 900 నుంచి 1200 నంబరు దాకా ఉన్న పుస్తకాలు కంప్యూటర్లో వెతికాడు. ఒక్కటీ రాలేదు.

"ఏవండీ దేవసహాయంగారూ, మూడొందల పుస్తకాలు! ఏ బజ్జీలబండికి పొట్లాలకిచ్చారండీ?"

"బీరువా దగ్గరికి రండి, అన్నీ ఉన్నాయి."

"అంటే కంప్యూటరు అబద్ధమాడుతోందా?"

బీరువా పది అడుగుల దూరం. అతను లేవలేదు. పుస్తకాలు పోయాయని కమిటీ మినిట్సులో రాయించి, ఆయన్ని ఇంటికి పంపేశాడు.

మర్నాటి నుంచి ఆయన మామూలు పాఠకుడిలా వచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వెతికారు. 900 నుంచి 999 దాకా అడిగితే వాటితోపాటు 95వ పుస్తకంలాంటివి కూడా వచ్చాయి. "ఇదిగో, తప్పు దొరికింది!" అన్నారు. జాబితా ఎక్కించినవాళ్ళు నంబర్లను సంఖ్యలుగా కాక మాటలుగా ఎక్కించారు. నిఘంటువులో ఎంత పొడుగు మాటైనా ‘అ’తో మొదలైతే ‘క’ కంటే ముందే ఉంటుంది. అలాగే కంప్యూటరు మొదటి అంకెలు చూసి, 900 కంటే 1200 ముందనుకుంది. ఇక ఆ రెంటి మధ్య పుస్తకాలేముంటాయి?

కార్యదర్శి గప్‌చుప్‌గా బాగుచేయించాడు. పుస్తకాలన్నీ తెర మీదికొచ్చాయి. మినిట్సు దిద్దమని దేవసహాయంగారు అడిగితే, "పాత గొడవలు కెలకడం దేనికి లెండి" అన్నాడు. ఆయన ఆర్నెల్లు తిరిగారు. అలా తిరుగుతూనే పోయారు.

సమాధి దగ్గరికి అదే కార్యదర్శి పెద్ద పూలదండతో వచ్చాడు. దేవసహాయంగారి భార్య కరుణమ్మగారు అడ్డం నిలబడ్డారు.

"మా ఆయన దొంగ కాదని ఇంతమందిలో ఒక్కమాట చెప్పి, తరవాత వెయ్యండి సెక్రటరీగారూ."

అతను ఫోను చూసుకుంటూ వెనక్కి తిరిగాడు. దండ అతని కారులోనే వెళ్ళిపోయింది.

దేవసహాయంగారి లాంటి మనిషి మాకిక దొరకరు. కార్యదర్శి మాత్రం రోజూ పదింటికి లైబ్రరీలో దొరుకుతాడు. ఆ ఒక్కమాట మినిట్సుకెక్కేదాకా, అతని కుర్చీకెదురుగా నిలబడి ఈ వ్యాసం రోజూ పైకి చదువుతాను. నాకు తొందర లేదు. ఓపిగ్గా చదవడం నేర్పింది దేవసహాయంగారే.