మనోరమ కొన్న డెబ్బయ్యో లెవెల్

తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసే ఇంటికి మనోరమ చిన్న కోడలిగా వచ్చింది. మొదట ఆమెకు పప్పులో రాళ్లు ఏరే పని ఇచ్చారు. కొన్నేళ్లకు పొయ్యి దగ్గరికి రానిచ్చారు. ఇంకొన్నేళ్లకు చుట్టాలకు పెట్టే చీరలు ఎంచనిచ్చారు. బీరువా తాళాలు చేతికొచ్చేసరికి జుట్టు నెరిసింది.

అందుకే ఫోన్‌లో తుపాకుల ఆట ఆడాలని బుద్ధి పుట్టినప్పుడు, ఇంకెవరో ఆడి డెబ్బయ్యో లెవెల్ దాకా తెచ్చిన ఐడీని కొనుక్కుంది.

"మొదటి లెవెల్ నుంచి ఆడుండ్రి అత్తమ్మా, గప్పుడే ఆట వస్తది," అంది కొత్త కోడలు సాహిత్య.

"మొదటి లెవెల్ ఒకసారి చూసిన. చాలు," అంది మనోరమ.

పెద్ద ఐడీ కదా అని ఆటలో ఆమె జట్టులో పడ్డ పిల్లలు ఆమెను ముందు నడవమన్నారు. నడిచింది. తుపాకీ ఎక్కడుందో వెతుక్కునేలోపే చచ్చిపోయింది.

"గిట్ల ఆడి డెబ్బై లెవెల్‌కు ఎట్లొచ్చినవ్ అక్కా?" అని ఫోన్‌లోంచి ఒకడు అడిగాడు.

"కొనుక్కున్న," అని చెప్పి మళ్లీ ఆట మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున సాహిత్య చేట ముందేసుకుని పప్పులో రాళ్లు ఏరుతోంది. మనోరమ ఆ చేట పక్కకు జరిపి, ఆమె ఒళ్లో తాళాల గుత్తి పడేసింది.

సాహిత్య గుత్తిని తిప్పి తిప్పి చూసింది. "ఏ తాళం దేనిదో నాకు తెల్వది అత్తమ్మా."

"ఏం గాదు," అంది మనోరమ, ఫోన్‌లోంచి తలెత్తకుండా. "నేను నిన్న పొద్దంత సచ్చుకుంటనే ఉన్న."