చాలుతుందా, చాలదా

బజారంతా ఆమెను చిన్న టైలరమ్మ అంటారు. పెద్ద టైలరమ్మ వాళ్ళ వదిన. కత్తిరించడం వదిన వంతు. గుడ్డ చూసి తీసుకోవడం, కుట్టడం ఈమె వంతు. పద్నాలుగేళ్ళుగా అదే వరస. ముప్పై దాటాక ఈ మహాతల్లికి పొరుగూరి మేనేజ్‌మెంట్ కాలేజీలో చదవాలని బుద్ధి పుట్టింది. ప్రవేశపరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది కాబట్టి ఇక మిగిలింది ఈ ఒక్కసారే.

తెలివి లేక తప్పిందనుకునేరు! లెక్కలంటే ఆమెకు మంచినీళ్ళప్రాయం. చిక్కంతా ఒక్క రకం లెక్కలతోనే. ఒక ప్రశ్న ఇచ్చి, కింద రెండు సంగతులు చెబుతారు. జవాబు రాయనక్కర్లేదు, జవాబు తేలడానికి ఆ సంగతులు చాలుతాయో చాలవో చెబితే సరి.

మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక మిషన్ మీదే పుస్తకం తెరిచేది. ‘తరగతిలో ఆడపిల్లలెందరు? ఒకటి: మొత్తం పిల్లలు నలభైమంది. రెండు: మగపిల్లలకంటే ఆడపిల్లలు ఆరుగురు ఎక్కువ.’ రెండూ కలిపితే చాలు అని టిక్కు పెట్టి ముందుకు పోవాలా? పోదే! ఇరవైమూడని తేల్చేది. తేల్చి ఊరుకునేదా? బెంచీకిద్దరు చొప్పున కూర్చోబెడితే ఒక పిల్ల మిగిలేది. ఆ పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, జడ మీద పడే ఎండనూ నీలం గౌనునూ చూస్తూ ఉండిపోయేది. గౌనుకు జేబులుంటే బాగుండుననిపించేది. గడియారం మాత్రం ఆగదు కదా.

“ఏమే, ఎక్కడున్నావు?” అంది వదిన ఓ రోజు.

“తరగతిలో వదినా. ఒక పిల్ల ఒంటరిగా కూర్చుంది.”

“నీ మొహం! ఆ పిల్ల సంగతి నిన్నెవరడిగారు? గుడ్డ ముందు పడేయగానే చొక్కాకి చాలుతుందో లేదో చెప్పేస్తావుగా. కుట్టి చూసి చెబుతావా?”

చిన్న టైలరమ్మ నోరు వెళ్ళబెట్టింది. పద్నాలుగేళ్ళుగా రోజూ చేస్తున్న పనే!

పరీక్షలో ఒక తల్లి ఎదురైంది. కూతురికంటే ఇరవై ఎనిమిదేళ్ళు పెద్ద. నాలుగేళ్ళు పోతే కూతురికి రెట్టింపు వయసు. ఆవిడ వయసెంత? రెండూ కలిపితే చాలు, అనుకుంది. ‘నా వయసు చెప్పకుండానే పోతావా తల్లీ?’ అని ఆవిడ గుమ్మంలో నిలబడి అడుగుతున్నట్టే ఉంది. ప్రాణం ఉసూరుమంది. అయినా వెనక్కి చూడలేదు. మొదటిసారి చివరి ప్రశ్నదాకా వెళ్ళింది.

సీటొచ్చింది. ఉత్తరం పట్టుకుని కొట్టుకు పరుగెత్తింది. చూస్తే, వదిన మిషన్ ముందు కూర్చుని ఉంది! ఇన్నేళ్ళలో ఏనాడూ మిషన్ తొక్కని మనిషి. చేతిలో చొక్కా, దానికి వంకరపోయిన కాలరు.

“ఇదెప్పట్నుంచి వదినా?”

“నువ్వు లెక్కలు మొదలెట్టిన కాణ్ణుంచి. పొద్దున్నే, నువ్వు రాకముందు.”

“కాలరు వంకరపోయింది. ఇలా ఇవ్వు, విప్పి కుడతాను.”

“ముట్టుకున్నావంటే ఊరుకోను. నా వంకరలు నేనే దిద్దుకుంటాను. నువ్వు వెళ్ళి చదువుకో.”

గొంతు గట్టిగానే ఉంది గానీ కళ్ళు నిండిపోయాయి. చిన్న టైలరమ్మ వదినను వాటేసుకుని భోరుమంది. వదిన ఆమెను మెల్లగా పక్కకు నెట్టి, మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.