సాహ్లి గొట్టం మీది నూరు శాతం

1967 జూన్‌లో మెదక్‌లోని ఒక దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. హోదాలో నర్సులకన్నా కింద; నోటి దురుసులో ఎవరికీ కింద కాదు.

రక్తహీనత ఎంతుందో తేల్చడానికి అప్పుడు సాహ్లి పద్ధతి. వేలు గుచ్చి, పిపెట్‌తో రక్తం పీల్చి, గీతలున్న సన్నని గాజు గొట్టంలోని పలుచటి ఆసిడ్‌లో వదలాలి. పది నిమిషాలకు గోధుమరంగు తిరుగుతుంది. పక్కనున్న గాజుకడ్డీ రంగుతో కలిసేదాకా చుక్కచుక్కగా నీళ్లు పోసి, మట్టం ఏ గీతమీదుందో చదవాలి. గొట్టానికి ఒకవైపు హిమోగ్లోబిన్ శాతం, ఆరోగ్యవంతులది నూరుగా పట్టి; ఇంకోవైపు గ్రాములు. మా దగ్గర శాతమే రాసేవాళ్లు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేను కూడా.

ఎల్దుర్తి నుంచి మల్లవ్వ అనే అయిదు నెలల గర్భిణి అత్తతో వచ్చింది. యాభై శాతం. డాక్టరమ్మ ఇనుము గోలీలు రాసింది. నెల తర్వాత చూస్తే నలభై ఎనిమిది.

"గోలీలు పెంటమీద పారేసినట్టుంది" అంది అత్త.

"మింగిన. రోజు దొడ్డికి నల్లగైతుంది, చూస్తవా అత్తమ్మా?" అంది మల్లవ్వ.

ఇనుము మింగితే నల్లగానే అవుతుంది, నాకు తెలుసు. అయినా గొట్టం అబద్ధమాడదని నేనూ ఒక మాట విసిరాను. లోపల ఎక్కడో రక్తం పోతుండాలి, లేదా ఎముక మూలుగలో తయారుకావడం లేదేమో, హైదరాబాద్ పంపి మూలుగ తీయించి పరీక్ష చేయించాలని చిట్టీ రాసింది డాక్టరమ్మ. హైదరాబాద్ తనవల్ల కాదని, కోడల్ని పుట్టింట్ల దింపొస్తనని లేచింది అత్త.

నాకు ఒకటి పొసగలేదు. వాళ్లను కాసేపు ఆగమన్నాను. గాజుపలక మీద రక్తం పూసి, రంగువేసి మైక్రోస్కోప్‌లో చూశాను. పోయిన నెల కణాలన్నీ చిన్నవి, నడుమ వెలవెలబోయినవి. ఇప్పుడు నిండినవి చాలా ఉన్నాయి. కణాలు బాగుపడితే అంకె ఎట్లా పడిపోతుంది? మళ్లీ చేస్తే మళ్లీ నలభై ఎనిమిదే. ఆసిడ్‌ను అనుమానించాను, మబ్బు వెలుతురును, నా కళ్లను. చివరికి నా వేలే గుచ్చుకున్నాను. పోయిన నెల ఎనభై అయిదు ఉన్నదాన్ని, డెబ్బై ఒకటి. అంత రక్తం పోయుంటే ఆ పొద్దున స్టోర్‌కీపర్‌తో అంతసేపు పోట్లాడగలిగేదాన్నా?

పోట్లాట గుర్తొచ్చాకే కారణం దొరికింది. పాత గొట్టం అంచు విరిగిందని కొత్తది అడిగితే, అతను ఇన్నాళ్లు ఆలస్యం చేసి ఆ పొద్దునే వేరే కంపెనీది ఇచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టాను. పాతదాంట్లో నూరు శాతమంటే పద్నాలుగున్నర గ్రాములు. కొత్తదాంట్లో పదిహేడుకు పైనే. గ్రాముల్లో చూస్తే మల్లవ్వ ఏడుంపావు నుంచి ఎనిమిది దాటింది. తగ్గలేదు, పెరిగింది.

డాక్టరమ్మ హైదరాబాద్ చిట్టీ చించేసింది. అత్త అయోమయంగా, "ఇంతకు రక్తం ఉన్నట్టా, లేనట్టా?" అంది. చాలినంత లేదు, వస్తోంది, గోలీలు ఆపొద్దన్నాను.

"గొట్టం అబద్ధమాడదంటివి గదమ్మా" అంది మల్లవ్వ.

అది ఆడలేదు, నేనే రెండోవైపు చదవలేదని ఒప్పుకున్నాను. ఆ రోజునుంచి గ్రాములే రాశాను. శాతం రాసిన కాగితం ఎవరు తెచ్చినా, నూరంటే ఎన్ని గ్రాములని అడగకుండా తీసుకోలేదు.